బల్లకు దూరంగా

"గుడ్డను గట్టిగా పిండి కప్పరా, నీళ్ళు కారుతున్నాయి," అంది అక్క.

తమ్ముడు విన్నాడో లేదో తెలియలేదు. బకెట్లోంచి తీసిన గుడ్డను ధారలు కారుతుండగానే, పొంగడానికి పెట్టిన పిండిముద్ద మీద పరిచేశాడు. నీళ్ళు ముద్ద పక్కల నుంచి జారి చెక్క మీద మడుగు కట్టాయి. అక్క ఇంకేమీ అనకుండా ఆ గుడ్డ తీసి, మెలితిప్పి పిండి, దులిపి మళ్ళీ కప్పింది. యుద్ధం నుంచి ఇంటికొచ్చి దుకాణంలో పనికి దిగినప్పటి నుంచి ఇదే వరస. మిగతా పనులేవీ వాడి చేతులు మరిచిపోలేదు. ముద్దను వేలితో నొక్కి, గుంట మెల్లగా పూడుకొచ్చే తీరు చూసి పొయ్యికి సిద్ధమైందో లేదో చెప్పేస్తాడు. పొడుగాటి చెక్కపార మీద రొట్టెలు పేర్చి ఒక్క ఊపుతో పొయ్యి లోపలికి జారవిడుస్తాడు. తడిగుడ్డ దగ్గరికొచ్చేసరికి మాత్రం చేయి ఆగిపోతుంది.

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. గాలిలో తేలుతున్న పిండి ఆ వెలుగులో కదలకుండా నిలబడినట్టుంది. దానికి అవతల తమ్ముడు నీళ్ళ అడుగున నడుస్తున్నవాడిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. అక్క వాణ్ణి చూస్తూ చేతులకంటుకున్న పిండి రాల్చుకుంది. బతికొచ్చాడు, అంతే చాలు అనుకుంది. రోజుకు ఎన్నోసార్లు అలా అనుకుంటోంది.

గుమ్మంలో చెప్పులు విదిలించిన చప్పుడయింది. మాస్టారొచ్చారు. బళ్ళో పాఠాలు చెప్పడం మానేసి చాలాకాలమైనా ఆయన వీధి అందరికీ మాస్టారే, చర్చిలో పెద్ద కూడా. ఆయన కొడుకు, తమ్ముడు ఒకే రైల్లో యుద్ధానికి వెళ్ళారు. కొడుకు తిరిగి రాలేదు. ఆయన దుకాణానికొచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి కాసేపు చూస్తూ నిలబడతారు, వాడి భుజాల వెనక ఇంకెవరో ఉన్నట్టు.

"ఈ ఆదివారం కృతజ్ఞతారాధన," అన్నారు రొట్టె చంకలో పెట్టుకుంటూ. "తిరిగొచ్చిన కుర్రాళ్ళందర్నీ ముందు వరసలో కూర్చోబెడుతున్నాం. ఈసారి రొట్టెముక్కల పళ్ళెం బెంచీలకు పంపం, అందరూ ప్రభువు బల్ల దగ్గరికే వచ్చి తీసుకోవాలి. ప్రభువు బల్లకి రొట్టె మోసుకొచ్చేది నువ్వే, చిన్నోడా. నువ్వు చేసిన రొట్టె నీ చేతుల్తోనే రావాలి. పోయినసారి పళ్ళెం నీ ముందుకొస్తే తీసుకోలేదట?"

"జ్వరంగా ఉండిందండీ వాడికి," అంది అక్క గబుక్కున.

తమ్ముడు చెక్కపార అందుకుని పొయ్యి వైపు తిరిగాడు.

అంతలో గడియారాలబ్బాయి తల్లి గుమ్మంలోకొచ్చింది. మాస్టారు ముఖం తిప్పేసుకున్నారు. ఆవిడ కొడుకు, వీధి చివర గడియారాలు బాగుచేసే అబ్బాయి, తుపాకీ పట్టనన్నాడు. నరహత్య చేయవద్దన్న ఆరో ఆజ్ఞకు మినహాయింపులుంటే దేవుడే చెప్పి ఉండేవాడు కదా అన్నాడు. జైల్లో పెట్టారు. విడుదలై వచ్చాక చర్చి పెద్దలు వాణ్ణి ప్రభువు రొట్టె ఇవ్వకుండా బల్లకు దూరంగా ఉంచారు. చిట్టచివరి బెంచీలో తల్లీకొడుకులు కూర్చుంటారు. పళ్ళెం వాళ్ళ ముందు బెంచీ దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది.

"ఒక రొట్టె ఇస్తావా అమ్మాయ్," అంది ఆవిడ.

అక్క మాస్టారి వీపు వైపు చూసింది. "అయిపోయాయి పిన్నిగారూ."

అర మీద రొట్టెలు వరసగా ఉన్నాయి. ఇంకా ఆవిర్లు తగ్గలేదు. ఆవిడ వాటిని చూసింది, అక్కను చూసింది. "సరేనమ్మా," అని, కొంగు భుజం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మాస్టారూ వెళ్ళారు.

దుకాణంలో పొయ్యి లోపల కట్టె చిటపటలు తప్ప వేరే చప్పుడు లేదు. అక్క బల్ల తుడవడం మొదలుపెట్టింది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"మాస్టారున్నారు కదరా," అంది చివరికి. "ఆయన ముందు ఎలా ఇవ్వను?"

"వాడు ఎవర్నీ చంపలేదక్కా," అన్నాడు తమ్ముడు. "వాడింటికి రొట్టె లేదు. చంపొచ్చింది నేను. నన్నేమో బల్లకి రొట్టె మోసుకురమ్మంటున్నారు."

వాడి నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. అక్క చేతిలో గుడ్డ ఆగింది.

తమ్ముడు పిండి బస్తా మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు, ఎవరిదో సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. చెట్ల మధ్య ఒక వాగు ఉంది. ఆ పక్కన ఒకడు చొక్కా ఉతుక్కుంటున్నాడు. తుపాకీ చెట్టుకు ఆనించి ఉంది, చేతికందనంత దూరంలో. అవతలి పక్షం వాడే, అందులో అనుమానం లేదు. నీళ్ళ మీద ఎండ పడుతోంది. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

"చొక్కా మెలితిప్పి పిండుతున్నాడక్కా. నువ్వు పిండినట్టే. మోచేతులు పైకెత్తి. నేను చూస్తూ నిలబడ్డాను. వాణ్ణి వదిలేస్తే సాయంత్రానికి వాడూ వాడివాళ్ళూ మా గుడారాల మీద పడేవాళ్ళే. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. కాల్చాను. చొక్కా వాడి చేతుల్లోనే ఉండిపోయింది. నీళ్ళు కారుతూనే ఉన్నాయి."

అక్క గుడ్డను చెక్క మీద పెట్టేసింది. ఏదో ఒకటి అనాలి, ఊరుకోరా, నీ తప్పేం లేదురా అనాలి. నాలుక కదల్లేదు. వాడు లేనన్నాళ్ళూ ఆమె ఇదే చెక్క మీద పిండి పిసుకుతూ ప్రార్థన చేసేది. అరచేతులు ముద్దలోకి దిగబడిన ప్రతిసారీ ఒకటే మాట. 'మావాడి చేయి ముందు లేవాలి ప్రభువా. అవతలివాడి చేయి లేవకముందే.' ఉదయాన పిండి కలిపినప్పుడల్లా అడిగింది. ఏ రోజైతేనేం, ఆ ఉదయం కూడా అడిగే ఉంటుంది.

దేవుడు విన్నాడన్నమాట. అక్షరం పొల్లుపోకుండా విన్నాడు.

ఆమె ఆ సంగతి తమ్ముడికి చెప్పలేదు.

పాస్టరుగారు మర్నాడు వాన మొదలయ్యే వేళకొచ్చారు. గొడుగు గుమ్మంలో వదిలి, ఎప్పటిలాగే పిండి అంటుతుందని లెక్కచేయకుండా బస్తా మీద చతికిలబడ్డారు. ఆ నల్ల కోటు మీద తెల్లమరకలుంటే, అయ్యగారు రొట్టెలక్క దుకాణానికి వెళ్ళొచ్చారని వీధి అంతా చెప్పేస్తుంది. బయట చినుకులు రేకు చూరు మీద పడుతుంటే దుకాణం లోపల వెచ్చగా, నిద్రలో ఉన్నట్టుగా ఉంది.

"ఆదివారం రొట్టె నేను మోయను అయ్యగారూ," అన్నాడు తమ్ముడు, ఆయన అడగకముందే. "తీసుకోను కూడా. కొన్నాళ్ళు నన్ను దూరంగా ఉండనివ్వండి."

పాస్టరుగారు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "నువ్వు చేసింది హత్య కాదు బాబూ. ప్రభువు దగ్గరికొచ్చిన రోమా సైన్యపు శతాధిపతిని ఆయన నీ ఉద్యోగం మానెయ్యమనలేదు. తోడేలు వచ్చినప్పుడు చేతికర్ర పారేసినవాడు మంచి కాపరి కాడు. మీరు అక్కడ నిలబడకపోతే ఇక్కడ ఈ వీధి ఉండేదా? ఈ పొయ్యి వెలిగేదా?"

"కత్తి దూసిన శిష్యుణ్ణి మాత్రం దాన్ని ఒరలో పెట్టమన్నాడు కదండీ."

"అన్నాడు," ఒప్పుకున్నారు పాస్టరుగారు. "ఆ రెండిటి మధ్య ఇన్ని వందల ఏళ్ళుగా కొట్టుకుంటున్నాం. ఒకళ్ళేమో అసలు పట్టకూడదంటారు. ఇంకొకళ్ళు న్యాయమైన యుద్ధమైతే పట్టొచ్చంటారు. నేను ఆ రెండోవాళ్ళలో ఒకణ్ణి. మీరు బయల్దేరిన రోజు మీ తలల మీద చేతులు పెట్టి దీవించింది నేనే కదా."

తమ్ముడు పిండిముద్దను చెక్క మీదికి తీసుకుని రెండుగా కోశాడు. ఒక ముక్కను గుండ్రంగా చుడుతూ మెల్లగా అన్నాడు: "నేను తప్పు చేశానని చెప్పట్లేదండీ. అవసరమే అయ్యుండొచ్చు. మురుగుకాలవలోకి దిగి బాగుచేయడం కూడా అవసరమైన పనే. మంచి పనే. చేసొచ్చి ఆ చేతుల్తోనే పిండి కలుపుతానా? ముందు కడుక్కోవాలి కదా. మీరందరూ నీ చేతులు శుభ్రంగా ఉన్నాయి, రా తిను అంటున్నారు. మీరు అలా అంటున్నకొద్దీ నాకు ఊపిరాడట్లేదు."

పాస్టరుగారు గుమ్మం వైపు చూశారు. చూరు నీళ్ళు గుమ్మం ముందు తెరలా దిగుతున్నాయి. వీధిలో ఎవరో నెత్తిన సంచీ కప్పుకుని పరుగెత్తారు.

"పూర్వం అలాంటి పద్ధతి ఒకటుండేది," అన్నారాయన. "యుద్ధంలో చంపొచ్చినవాళ్ళు హంతకులు కారు అని ఒప్పుకుంటూనే, కొన్నేళ్ళు బల్లకు దూరంగా ఉంటే మంచిదని సలహా ఇచ్చాడు ఒక బిషప్పు. శిక్షగా కాదు. చేతులు శుభ్రం కావడానికి టైం పడుతుందని. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీపట్టాను. జవాబు రాశాను, మార్కులొచ్చాయి, మర్చిపోయాను." ఆయన నవ్వబోయి మానేశారు. "నన్ను ఆలోచించుకోనీ బాబూ."

ఆయన వెళ్ళాక కూడా గొడుగు గుమ్మంలోనే ఉంది. వానలో తడుస్తూనే నడిచి వెళ్ళిపోయారు.

అక్కకు ఆ ఆలోచనలేవీ వద్దు. వాడు అందరిలాగే వరసలో నిలబడి, అందరిలాగే ముక్క నోట్లో వేసుకుంటే చాలు. అప్పుడు మళ్ళీ మామూలు మనిషవుతాడు. గుడ్డ పిండుతాడు. ఎవరు చెబితే వింటాడు? పడుకున్నప్పుడూ, రొట్టెలు అమ్మేటప్పుడూ అదే తిరిగింది బుర్రలో. తమ్ముడు తనను తాను పక్కన పెట్టి కొలుచుకుంటున్నది ఒక్క గడియారాలబ్బాయితోనే. ఆ మనిషి చెబితే వింటాడేమో.

శనివారం ఆమె రెండు రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వీధి చివరికి నడిచింది. రొట్టెలు అయిపోయాయని చెప్పిన నోటితో ఆ ఇంటి తలుపు తట్టాలంటే సిగ్గేసింది. తలుపు తెరిచింది తల్లే. చేతిలో మూట చూసింది. "ఎందుకమ్మా ఇవి," అంది.

"ఆ రోజు ఉన్నాయి పిన్నిగారూ. లేవన్నాను."

"తెలుసు. చూశాను కదా," అంది ఆవిడ. మూట అందుకుని పక్కకు జరిగి దారిచ్చింది.

లోపలి గది నిండా గడియారాలే. గోడల మీద, అరల్లో, బల్ల మీద మూత విప్పి పేగులు బయటపడినవి. ఒకటి మూడంటోంది, ఒకటి ఏడంటోంది, ఒకటి అప్పుడే పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. టిక్కుటిక్కులన్నీ కలిసి దూరంగా ఎక్కడో చినుకులు పడుతున్నట్టుంది.

"ఇందులో సరైన టైము ఏది?" అంది అక్క, ఎలా మొదలుపెట్టాలో తోచక.

"ఏదీ కాదక్కా," అన్నాడు గడియారాలబ్బాయి, కంటికి తగిలించుకున్న అద్దం తీయకుండా. "అన్నీ రిపేరుకొచ్చినవే."

ఆమెకు నవ్వొచ్చింది. వాడూ నవ్వాడు, అద్దం తీసి పక్కన పెట్టాడు. తమ్ముడి ఈడువాడే. అప్పుడే కణతల దగ్గర తెల్లవెంట్రుకలు.

ఆమె వచ్చిన పని చెప్పింది. వాగు పక్కన చొక్కా మనిషి సంగతీ చెప్పింది. "నువ్వొకసారి వాడితో మాట్లాడు బాబూ. నీ మీద నాకేం లేదు, వచ్చి బల్ల దగ్గర నిలబడు అను. నువ్వంటే వాడు వింటాడు."

వాడు చిన్న పట్టకారుతో ఒక పళ్ళచక్రాన్ని పట్టుకుని వెలుగులోకి ఎత్తాడు, చూశాడు, దించాడు.

"నేను పరిశుద్ధుణ్ణని ఆ చివరి బెంచీలో కూర్చోలేదక్కా. వాళ్ళు కూర్చోబెట్టారు. వాడు నన్నేదో పైన పెట్టి చూస్తున్నాడు. జైల్లో నేనేం చేసేవాణ్ణో తెలుసా? మనవాళ్ళు చచ్చారన్న వార్త ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి. ఎంతమంది చస్తే అంత నా మాట నిజమైనట్టు. మాస్టారి కొడుకు పోయాడని తెలిసిన రోజు..." వాడు ఆగాడు. "ఆ రోజు నాకు అన్నం సహించింది. అంతకుముందు చాలా రోజులు సహించలేదు. తుపాకీ ముట్టలేదు నేను. అంతవరకే."

తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట ఆవిడా అప్పుడే విన్నట్టుంది. చేతిలో రొట్టెల మూట అలాగే ఉంది.

"మరి నీకు రొట్టె ఇస్తే తీసుకుంటావా?" అడిగింది అక్క.

"తీసుకుంటాను."

"అలా ఎలా?"

"ఆకలేస్తోందక్కా," అన్నాడు వాడు. "అర్హత ఉందని కాదు. వాడికి ఇంకా ఆకలి వేయట్లేదు. ముందు ఏడవాలి వాడు. ఏడ్చేవాడి నోట్లో బలవంతంగా ముద్ద పెడతామా? పొరపోతుంది. వదిలేయండి వాణ్ణి."

గోడ మీద ఇంకో గడియారం ఎందుకో ఒక్కటి కొట్టి ఊరుకుంది. అక్క లేచింది. వాకిట్లోకొచ్చాక ఎటు వెళ్ళాలో తెలియనట్టు కాసేపు నిలబడింది. వానకు తడిసిన వీధి ఎండలో ఆవిర్లు కక్కుతోంది. ఇళ్ళు, తీగల మీద ఆరేసిన బట్టలు, నడిచే మనుషులు అన్నీ ఆ ఆవిరిలో కొంచెం పైకి తేలినట్టున్నాయి. ఎవరో పలకరించారు. ఎవరో చూడకుండానే తలాడించింది. 'మావాడి చేయి ముందు లేవాలి ప్రభువా.' ఆ ప్రార్థన ఇప్పుడు ఆపినా పెదాలు వాటంతట అవే ఆ మాటల ఆకారంలోకి తిరుగుతున్నాయి.

ఆ సాయంత్రం బల్ల కోసం రొట్టె ఆమే కలిపింది. తమ్ముడు పొయ్యి చూసుకున్నాడు. ముద్ద పిసుకుతూ ఆమె ఏదైనా ప్రార్థించాలని చూసింది. ఏం అడగాలన్నా భయమేసింది, మళ్ళీ వింటాడేమోనని. ఊరకే పిసికింది.

ఆదివారం చర్చి కిటికీలన్నీ తెరిచారు. లోపలికి వచ్చే గాలికి ముందు వరసలో సైనికుల కాలర్లు కదులుతున్నాయి. రొట్టెను అక్కే మోసింది. గుమ్మం దగ్గర నుంచి బల్ల దాకా ఆ నడక చాలా పొడుగనిపించింది. చేతుల్లో రొట్టె ఇంకా గోరువెచ్చగా, నిద్రపోతున్న పిల్ల తలలా ఉంది. చివరి బెంచీలో గడియారాలబ్బాయి, వాడి తల్లి, వాళ్ళ పక్కన తమ్ముడు కూర్చున్నారు. తమ్ముడి కోసం ముందు వరసలో వదిలిన కుర్చీ ఖాళీగా ఉంది.

పాస్టరుగారు ప్రసంగం చెప్పలేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు.

"ఈ రోజు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాం," అన్నారు. "చెప్పుకోవాలి కూడా. కానీ ఈ చర్చిలో ఏడ్చే చోటు మనం ఎవరికీ ఉంచలేదు. మన బిడ్డ ఒకడు కొంతకాలం బల్లకు దూరంగా ఉంటానని అడిగాడు. నేను ఒప్పుకున్నాను. అది శిక్ష కాదు. ఇంకెవరికైనా అలా ఉండాలనిపిస్తే ఎవరూ వేలెత్తి చూపరు." ఆయన చివరి బెంచీ వైపు చూశారు. "ఇంకొకణ్ణి మనమే దూరంగా పెట్టాం, చంపనన్నందుకు. దానికి వాక్యంలో ఆధారం ఎక్కడుందా అని వారమంతా వెతికాను. దొరకలేదు. అతను ఈరోజు బల్ల దగ్గరికొస్తాడు."

మాస్టారు లేచి నిలబడ్డారు. అందరూ ఆయన అరుస్తారనుకున్నారు. ముందు బెంచీ అంచును పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి.

"మావాడి సంగతేంటి అయ్యగారూ?" అన్నారు. ఆయనది పెద్ద గొంతన్న సంగతే ఎవరికీ గుర్తురానంత చిన్నగా అన్నారు. "మావాడు ఏ బెంచీలో కూర్చోవాలి?"

పాస్టరుగారు ఆయన వైపే చూశారు. "నాకు తెలియదు మాస్టారూ," అన్నారు.

మాస్టారు మెల్లగా కూర్చున్నారు. వెళ్ళిపోలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

పాస్టరుగారు రొట్టె తీసి విరిచారు. పైపెంకు పగిలిన చప్పుడు చివరి దాకా వినిపించింది. గడియారాలబ్బాయి మధ్యదారి వెంట నడిచొచ్చాడు, వెనకే తల్లి. మాస్టారి బెంచీ దగ్గర వాడి కాళ్ళు ఆగాయి. ఏదో చెప్పబోయి, చెప్పలేక, తల వంచుకుని ముందుకు కదిలాడు. చేతులు చాపాడు. ముక్క నోట్లో పెట్టుకున్నాక నమలడానికి చాలాసేపు పట్టింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

ముందు వరస లేచింది. సైనికులు ఒక్కొక్కరే వెళ్ళి తీసుకున్నారు. ఒకడు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. వాణ్ణి ఎవరూ అడగలేదు.

అక్క వంతు వచ్చింది. పాస్టరుగారు ముక్క పట్టుకుని ఉన్నారు. ఎంత మెత్తగా వచ్చిందో, గాలి గదులు ఎంత సమంగా ఉన్నాయో ఆమె కళ్ళు అలవాటుగా చూశాయి. మంచి రొట్టె. తన చేతుల రొట్టె. ఆమె రెండు చేతులూ పైకి లేచాయి, నడుము దాకా వచ్చి ఆగిపోయాయి.

"అమ్మా?" అన్నారు పాస్టరుగారు.

ఆమె తల అడ్డంగా ఆడించింది. వెనక్కి తిరిగి, మధ్యదారి వెంట, తనను చూసే ముఖాలను చూడకుండా నడిచింది. చివరి బెంచీ దగ్గర ఆగింది. తమ్ముడు తలెత్తాడు.

"నువ్వెందుకొచ్చావక్కా?" అన్నాడు గుసగుసగా. "నువ్వేం చేశావు?"

"నేనూ ఉన్నాన్రా యుద్ధంలో," అంది అక్క.

వాడు ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. ఇక్కడ ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఇక్కడి నుంచి ఎవరి ముఖాలూ కనిపించవు, మెడలు మాత్రమే కనిపిస్తాయి. యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళవి, వెళ్ళనివాళ్ళవి, కొడుకును పంపినవాళ్ళవి. కాలర్ల పైన, జడల కింద, కిటికీ వెలుగు పడుతున్న మెడలు. ఎవరివి ఎవరివో ఆమె పోల్చుకోలేకపోయింది.